నూకాలమ్మ గొంతు మీద గిటార్లు

ఆ గొంతు ఆదివాసీ స్త్రీది కాదు. నూకాలమ్మది. మిడిల్ పాయింట్ దగ్గర గంప దించుకుని చేపలమ్మిన నూకాలమ్మది. ముందు ఈ ముక్క రాసుకోండి, మిగతాది తర్వాత చదువుదురుగాని.

పోయిన నెల మా రేడియో స్టేషన్‌లో కొత్తగా చేరిన ఇద్దరు డెలానీపూర్‌లో మా ఇంటికి వచ్చారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఇద్దరూ ఇక్కడ పుట్టినవాళ్లే. కూర్చోగానే అమ్మాయి ఫోను తీసి ఏదో పాట పెట్టింది.

"క్యా చీజ్ హై అంకుల్, ఇనండి! ఇది పాత ఇంగ్లీషు బ్యాండు. ఎవరికీ మాలూమ్ లేని బ్యాండు. కంపెనీ లేకుండా ఆళ్లే సొంతంగా వేసుకున్న రికార్డంట. ఇందులో మన అండమాన్ ట్రైబల్ వాయిస్ ఉంది!"

ఆపమన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే లోపల్నుంచి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. పాపం వాళ్లిద్దరూ బిత్తరపోయారు. వెళ్లేముందు ఆ అబ్బాయి నెమ్మదిగా, "అయితే మీ అనుభవాలు రాసివ్వండి అంకుల్, కొత్తగా చేరేవాళ్లకి పనికొస్తాయి" అన్నాడు. రాస్తున్నాను. మీలో సగంమందికి తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదని నాకు తెలుసు. వచ్చినవాళ్లు రానివాళ్లకి చదివి వినిపించండి.

నా గురించి రెండు మాటలు చాలు. పేరు సన్యాసిరావు. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చాడు. మా నాన్న హార్బర్‌లో పనిచేశాడు. నేను స్టేషన్‌లో టేపుల పని ముప్పై ఏళ్లు పైనే చేశాను. ఏ ఏడు ఏ పోస్టుకి వెళ్లానో మీకు అనవసరం. పదవీ విరమణ రోజున కప్పిన శాలువా ఎక్కడుందో నాకే తెలియదు.

ఇంకో సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, తర్వాత అపార్థం చేసుకోకండి. ఆదివాసీ అన్నందుకు నాకు కోపం రాలేదు. ఈ దీవుల అసలు మనుషులు వాళ్లే, మనమంతా తర్వాత ఓడ దిగినవాళ్లం. ఒకరి గొంతు తీసుకెళ్లి ఇంకొకరికి అంటగడితే ఇద్దరికీ అవమానమే. నా కోపం అందుకు.

టేపు కరువు

మీకిప్పుడు గొంతు దాచుకోవడానికి చోటుకి కొదవ లేదు. మా రోజుల్లో టేపు బియ్యం లాంటిది. ఓడ వస్తే ఉండేది, రాకపోతే లేదు. మద్రాసు నుంచో కలకత్తా నుంచో సరుకు రావాలి. వానాకాలంలో ఓడ ఎప్పుడొస్తుందో కెప్టెన్ కూడా చెప్పలేడు. అందుకని ఒకే టేపు మీద ఈ వారం సిప్పీఘాట్ తోటల వాళ్లు కొబ్బరి తెగుళ్ల గురించి చెప్పేవారు, పై వారం భజన, ఆ పై వారం ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం. పాతది చెరపడానికి ఒక ఇనప పెట్టె ఉండేది, లోపల కరెంటు అయస్కాంతం. టేపు చుట్టని దాని మీద పెట్టి గుండ్రంగా తిప్పి తీస్తే అంతే. అరగంట మాట్లాడిన మనిషి అరనిమిషంలో లేకుండా పోతాడు.

అట్టపెట్టె మీద ఏం రాయాలన్నదానికి ఒక పద్ధతి ఉండేది. గొంతు పరీక్ష పాసైన కళాకారుల పేర్లే రాయాలి. రేవులోనో తోటలోనో పాడినవాళ్ల పేరు రాయకూడదు. 'స్థానిక జానపదం' అని రాసి ఒక అంకె వేయాలి, అంతే. ఎందుకని అడిగితే, "పేరు రాస్తే రేపొచ్చి నన్నెందుకు మళ్లీ పిలవలేదని గుమ్మంలో కూర్చుంటారు" అని జవాబు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. ఎవరు పెట్టినా బుద్ధిలేని పద్ధతి. దాన్ని నేను ఏళ్ల తరబడి నోరెత్తకుండా పాటించాను. నాకూ బుద్ధిలేదన్నమాట.

మా పై అధికారిని పెద్దసారు అనే పిలిచేవాళ్లం, ఇక్కడా అలాగే రాస్తాను. కృష్ణా జిల్లా వైపు మనిషి. ఈ దీవికి వేశారంటే జైల్లో వేసినట్టే బాధపడేవాడు. పని మాత్రం బాగా వచ్చు. బ్లేడుతో టేపు ఎక్కడ కోయాలో నాకు నేర్పింది ఆయనే. "మనిషి ఊపిరి తీసుకున్న చోట కోయకు. ఆ ఊపిరి వదిలేస్తే వాడు కీలుబొమ్మలా మాట్లాడతాడు" అనేవాడు. ఆ మాట వల్లే నేను ముప్పై ఏళ్లు పని చేయగలిగాను. అలాంటి మనిషి మీద ఇంత కోపం పెట్టుకోవడం నాకేమీ సుఖంగా లేదు.

రేవులో

డెబ్బైల మొదట్లో, ఏడాది సరిగ్గా గుర్తులేదు, చేపలు పట్టేవాళ్ల బతుకు మీద ఒక కార్యక్రమం చేద్దామన్నారు. భుజానికి తగిలించుకునే బ్యాటరీ రికార్డర్ పట్టుకుని రోజూ పొద్దున్నే రేవుకి వెళ్లేవాణ్ణి. అలల చప్పుడు, వల లాగేవాళ్ల కేకలు పట్టుకునేవాణ్ణి. నైరుతి గాలి అప్పుడే మొదలైంది. ఆ వారంలోనే నూకాలమ్మ మొగుడు డోంగీ పడవ వేసుకుని వేటకి వెళ్లి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు.

మా రేవు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. కానీ సముద్రం పట్టుకుపోయి శవం దొరకనివాణ్ణి మాత్రం మూడో రోజు, నీళ్లు వెనక్కి తీసే వేళ, పెళ్లామే ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలవాలి. గొంతు పోయేదాకా పిలవాలి. ఆ తర్వాత ఇక జన్మలో పిలవకూడదు. మళ్లీ పిలిస్తే పోయినవాడు వెనక్కి తిరుగుతాడని, ఎటూ చేరకుండా మధ్యలో ఉండిపోతాడని వాళ్ల నమ్మకం.

ఆ మూడో రోజున నేను అక్కడున్నాను. మిషను తిరుగుతోంది. ఆవిడ వచ్చి నీళ్లలో మోకాలు లోతున నిలబడి పిలిచింది. ముందు గట్టిగా, పడవ మీదున్నవాణ్ణి అన్నానికి పిలిచినట్టు. తర్వాత బతిమాలుతూ. ఆ తర్వాత తిడుతూ. చివరికి తిట్టూ పాటా కలిసిపోయాయి. నేను మిషను ఆపలేదు. ఆపాల్సిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆ విషయంలో నేను ఒప్పుకోను.

ఒడ్డుకి వచ్చాక ఆవిడ నన్ను చూసింది. అప్పటికి ఏడో నెల కడుపుతో ఉంది.

"ఏటి బాబూ ఆ పెట్టి?"

"గొంతు పట్టే మిషను అక్కా. వద్దంటే ఇప్పుడే చెరిపేస్తాను."

"నాను పిల్సిందంతా ఇందల ఉన్నాదా?"

"ఉన్నాది అక్కా."

ఇసకలో కూలబడింది. తర్వాత కడుపు మీద చెయ్యి వేసుకుని, "అయితే ఉంచు. ఇది పెద్దయినాక ఇనిపించు. అయ్య పేరు ఎవులైనా సెప్తారు. నాను ఎలగ పిల్సినానో ఎవులు సెప్తారు? నానైతే మల్లీ పిలవను" అంది.

వినిపిస్తానని మాటిచ్చాను. నా ఉద్యోగం మొత్తంలో ఒక మనిషికి నేనిచ్చిన మాట అదొక్కటే.

స్టేషన్‌కి వచ్చి పెద్దసారుకి వినిపించాను. ఆయన సగంలోనే చెయ్యెత్తాడు. "ఇది తెలుగా సన్యాసిరావ్?"

"తెలుగే సార్. మా రేవు తెలుగు."

"ఈ యాసని తెలుగంటే నేనొప్పుకోను. పైగా శోకాలు. శ్రోతలు రేడియో కట్టేస్తారు. తీసి అరలో పెట్టు."

అట్ట మీద భాష అని ఒక గడి ఉండేది. దాన్ని ఖాళీగా వదిలెయ్యమన్నాడు. వదిలేశాను. పద్ధతి ప్రకారం 'స్థానిక జానపదం' అని రాసి అంకె వేశాను. నూకాలమ్మ అని నాలుగక్షరాలు రాస్తే నా చెయ్యేమీ విరిగేది కాదు. మూడో అర, ఎడమ చివర, నాకు గుర్తుంటుందిలే అనుకున్నాను. పిల్లలూ, గుర్తుంటుందిలే అనుకునేవాడు ఈ పనికి పనికిరాడు.

పొడుగు జుట్టు మనిషి

ఆ చలికాలంలో పక్షుల మీద పరిశోధనకి ఒక విదేశీ బృందం పర్మిట్ మీద వచ్చింది. వాళ్ల సామాన్లు మోయడానికి, పక్షుల కూతలు రికార్డు చేయడానికి వెంట ఒక ఇంగ్లీషువాడు వచ్చాడు. పాతికేళ్లుంటాయి, జుట్టు భుజాల దాకా. డెనిస్ అని పిలవండి. మిషను పాడైతే బాగుచేయించుకోవడానికి మా స్టేషన్‌కి వచ్చాడు. తెల్లవాణ్ణి చూడగానే పెద్దసారు లేచి నిలబడ్డాడు. టీ తెప్పించాడు.

డెనిస్ నాకు నచ్చాడు. దాచను. వాడూ నాలాగే టేపు మనిషి. రెండు మిషన్ల మధ్య టేపు వేలాడదీసి ప్రతిధ్వని తెప్పించడం నాకు చూపించాడు. వాళ్ల ఊళ్లో వాడికి నలుగురు మిత్రుల బ్యాండు ఒకటి ఉందన్నాడు. ఏ కంపెనీ తమని రానివ్వలేదని, ఒక పశువుల కొట్టంలో పాడి తామే రికార్డు వేసుకుని స్నేహితులకి పంచుకుంటామని చెప్పాడు. బ్యాండు పేరు ఇక్కడ రాయను. వాళ్లు ఆవిడ పేరు రాయలేదు, నేను వాళ్ల పేరు రాయను.

"మన దగ్గరున్నదాంట్లో మంచిది వినిపించు" అన్నాడు పెద్దసారు. గర్వంతో నేను నూకాలమ్మ టేపు తీశాను. వాడు కళ్లు మూసుకుని ఆఖరి దాకా కదలకుండా విన్నాడు. నకలు కావాలన్నాడు. ఇవ్వమని పెద్దసారు అన్నాడు. నేను నకలు తీసిచ్చాను. ఆవిణ్ణి అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చి ఉంటే మిడిల్ పాయింట్ దాకా నడిస్తే సరిపోయేది.

జాబితా

మరుసటి వానాకాలం ఓడ మూడు వారాలు ఆలస్యం. స్టేషన్‌లో కొత్త టేపు ఒక్కటి లేదు. అదే సమయానికి ఢిల్లీ నుంచి ఎవరో పెద్ద అధికారి వస్తున్నాడన్నారు. ఆయన మూడు చోట్ల ఉపన్యాసాలిస్తాడు, మూడూ పట్టాలి. పెద్దసారు అంకెలు వేసి ఒక జాబితా ఇచ్చాడు. "స్థానిక జానపదాలన్నీ తీసెయ్. అవి మళ్లీ దొరుకుతాయి."

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి ఇనప పెట్టె ముందు కూర్చున్నాను. అట్టలన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఆవిడ టేపు అంకె నాకు గుర్తులేదు, చోటే గుర్తు. మూడో అర ఎడమ చివర ఉన్నదాన్ని ముందే పక్కన పెట్టాను, తెలివైనవాణ్ణి కదా! చీమలు పట్టాయని ఆ వారంలో అరలు దులిపి టేపులన్నీ తిరగేసి సర్దారని నాకు తెలియదు. జాబితా ప్రకారం ఒక్కొక్కటి పెట్టె మీద పెట్టి తిప్పాను. ఒక్కదాన్నీ వినలేదు. వింటే సాయంత్రం అయిపోతుందని భయం.

రెండు రోజుల తర్వాత పక్కన పెట్టినదాన్ని మిషను మీద ఎక్కిస్తే ఎవరో తోటకూలీలు పాడుతున్నారు. మిగిలినవన్నీ ఎక్కించి చూశాను. ఒట్టి గాలి.

పెద్దసారు చెరపమన్నాడు నిజమే. చెరిపిన చెయ్యి నాది. ఆ అధికారి ఉపన్యాసాలు మూడూ ప్రసారమయ్యాయి. మరుసటి నెలలో వాటినీ నేనే చెరిపాను. ఆయనేం మాట్లాడాడో ఎవరినైనా అడగండి చూద్దాం!

అప్పటికి నూకాలమ్మకి ఆడపిల్ల పుట్టింది. గౌరి అని పేరు పెట్టుకుంది. పిల్లని చంకనేసుకుని మళ్లీ చేపల గంప ఎత్తింది. నేను కొనడానికి వెళ్తే తూకం వేస్తూ మెల్లగా అడిగేది, "ఉన్నాదా బాబూ?"

"ఉన్నాది అక్కా" అనేవాణ్ణి.

తెల్ల అట్ట

ఏడాది పైన గడిచాక నా పేరున పార్సిలు వచ్చింది. తెల్ల అట్టలో ఒక ఎల్పీ రికార్డు. అట్ట మీద రబ్బరు ముద్రతో ఒక కన్ను బొమ్మ, మూల చేత్తో రాసిన అంకె. వందకి లోపే వేశామని, ఒకటి నాకని డెనిస్ ఉత్తరం. 'రెండో వైపు ఆఖరి పాట మొత్తం మీ ఆదివాసీ స్త్రీకే ఇచ్చాం' అని రాశాడు.

స్టేషన్‌లో అందరం కూర్చుని విన్నాం. ఒకటి రెండు పాటలు బాగానే ఉన్నాయి. కోపం వచ్చిందని అబద్ధం చెప్పను. ఆఖరి పాటలో గిటారు మూలిగింది, డప్పు లాంటిదేదో మోగింది, ఆ మధ్యలోంచి ఒక ఆడగొంతు వచ్చింది. మాటలు ఏ భాషో తెలియదు. మాటకి ముందు రావాల్సిన ఊపిరి తర్వాత వస్తోంది. నా చెవికి రెండు నిమిషాలు పట్టింది. వాళ్లు నూకాలమ్మని వెనక నుంచి ముందుకి తిప్పారు. మొగుణ్ణి పిలిచిన పిలుపుని తలకిందులు చేసి, వింతగా ఉందని సంబరపడ్డారు.

పెద్దసారు చప్పట్లు కొట్టాడు. నేను అందరి ముందే అడిగాను. "ఆదివాసీ అని వాడికెవరు చెప్పారు సార్?"

"నేనే. నకలు మీద భాష గడి ఖాళీగా ఉంటే రాసిచ్చాను. బయటిదేశం వాడికి చేపలమ్మే మనిషి ఏడుపని ఇస్తామా?"

"ఆ చేపలమ్మే మనిషి దగ్గరే కద సార్ మొన్న ఆదివారం మీరు వంజరం కొన్నది!"

"గొంతు తగ్గించు."

"తగ్గించను."

మెమో ఇచ్చాడు. ఇచ్చుకోనీ అనుకున్నాను. నాకు అరవడం వచ్చని ఆ రోజే తెలిసింది. కాకపోతే ఆలస్యంగా తెలిసింది. ఆ గడి ఖాళీగా వదిలింది నేను. ఖాళీ వదిలిన చోట ఎవడో ఒకడు తనకి నచ్చింది రాస్తాడు. మీ పనిలో ఇదొక్కటి గుర్తుంచుకున్నా నేను రాసినందుకు ఫలితం దక్కినట్టే.

ఆ రికార్డుని టేపు మీదకి ఎక్కించి, చుట్టలు అటుది ఇటు మార్చి తిప్పాను. ఇప్పుడు గిటార్లు వెనక్కి నడిచాయి, నూకాలమ్మ ముందుకి నడిచింది. గుక్కలు సరిగ్గా వచ్చాయి. కానీ పేరు వచ్చే ప్రతిచోటా ఆ డప్పు పడింది. ఆ టేపు ఇంటికి తెచ్చుకున్నాను. దొంగతనమే. రికార్డుని మాత్రం పెద్దసారు బదిలీ అయినప్పుడు పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

డెనిస్‌కి రాశాను, ఆవిడ పేరు, ఊరు, భాష అన్నీ. ఆ నకలు వెనక్కి పంపమన్నాను. క్షమించమని, నకలు ముక్కలు ముక్కలుగా కోసేశామని, రికార్డులు పంచేశామని, మళ్లీ వేస్తే పేరు వేస్తామని జవాబు రాశాడు. ఆ బ్యాండు తర్వాత విడిపోయిందట. ఇప్పుడెవరో దాన్ని వెతికి తీసి మళ్లీ అచ్చేశారని, అది అపురూపమైన వస్తువని మీ ఫోన్లో చూపించారు. అట్ట మీద అదే అబద్ధం. దాన్ని దిద్దించడం మీ పని. నూకాలమ్మ అని రాయించండి. శ్రీకాకుళం తీరం తెలుగు అని రాయించండి. ఆవిడ మొగుడి పేరు నన్నడగొద్దు, నేను చెప్పను. అది రాయడానికి కాదు, ఆవిడ పిలవడానికి.

గౌరి వచ్చిన రోజు

గౌరి పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో ఒక మధ్యాహ్నం నూకాలమ్మ ఆ పిల్లని తీసుకుని మా ఇంటికి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. పిల్ల తలలో పూలు పెట్టింది.

"పెద్దదయిపోనాది బాబూ. ఇనిపించు."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పకుండా పాత మిషను తీసి ఆ టేపు ఎక్కించాను. ఇదే చాలేమో అనిపించింది.

గొంతు మొదలవగానే నూకాలమ్మ ముందుకి వంగింది. తనదేనని తెలిసింది. అంతలో డప్పు పడింది, గిటారు మూలిగింది. ఆవిడ మొహం చిట్లించింది.

"ఈ సప్పుడేటి? నాను పిల్తంటే ఎవుడో తాగొచ్చి తలుపులు బాదినట్టున్నాది. తీసెయ్యి బాబూ ఆ సప్పుడు."

నేను మీటలన్నీ తిప్పాను. ముప్పై రకాల మిషన్లు బాగుచేసినవాణ్ణి, ఒక గొంతు మీంచి ఒక గిటారుని తీయలేకపోయాను. గౌరి తల్లి చెయ్యి పట్టుకుని, "అమ్మా, నాన్న పేరు కహాఁ? నాకు సమఝ్ అవట్లేదు" అంది.

మిషను ఆపి మొత్తం చెప్పేశాను. దొర సంగతి, జాబితా సంగతి, ఇనప పెట్టె సంగతి.

"నువ్వే సెరిపినావా?"

"నేనే అక్కా."

"ఇన్నేళ్లూ ఉన్నాది ఉన్నాది అన్నావు కదా!"

తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. గుమ్మం వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. లేచి నిలబడింది.

"ఆ తీగ పీకెయ్యి" అంది. గోడలోంచి ప్లగ్గు పీకేశాను.

మా ముందుగదిలో, కూతురి ఎదుట నిలబడి, నూకాలమ్మ మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. ముందు గట్టిగా. తర్వాత బతిమాలుతూ. తర్వాత తిడుతూ. పక్కింటివాళ్లు వాకిట్లోకి వచ్చారు. వంటింటి గుమ్మంలో మా ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుంది. గొంతు జీరబోయి, ఆగిపోయేదాకా పిలిచింది. గౌరి ఒక్క కన్నీటి చుక్క లేకుండా, రెప్ప వేయకుండా విన్నది. ఒక్క అక్షరం పోనివ్వకుండా విన్నది.

తర్వాత నూకాలమ్మ చీర సర్దుకుని, నా వైపు చూడకుండా మెట్లు దిగింది. ఆ తర్వాత కూడా నాకు చేపలు తూచి ఇచ్చింది, మాట్లాడలేదు.

గౌరి గేటు దాకా వెళ్లి ఒక్కతే వెనక్కి వచ్చింది.

"అంకుల్, పిలవకూడని పేరు మళ్లీ పిలిచేసింది. అమ్మ ఇంక నిద్రపోదు. ఎప్పటికీ. మీకు మాలూమ్ ఉందా?"

"ఉందమ్మా" అన్నాను.